లైబ్రరీకి పీజీ ఎందుకు?

బుక్కరాయసముద్రంలో ఒక ఇంట్లో జరిగిన వాదన ఇది. చిన్నాయన శాఖా గ్రంథాలయంలో పనిచేసి రిటైరైనాడు. అన్న కూతురు అనంతపురంలో డిగ్రీ ముగించి, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో లైబ్రరీ సైన్సు చదువుతానంటోంది. ఆ పని చేసి బతికినవాడు వద్దంటున్నాడు. ఇంకా ఆ పని మొదలుపెట్టని పిల్ల కావాలంటోంది.

చిన్నాయన: బీఈడీ అంటే సరేననేవాణ్ని. బ్యాంకు కోచింగ్‌కు పోతానన్నా సరేననేవాణ్ని. లైబ్రరీ సైన్సు ఎందుకు పాపా? నా సర్వీసంతా లైబ్రరీలోనే అయిపోయింది. తెలిసినోణ్ని గనకే వద్దంటాండా.

అమ్మాయి: వద్దంటున్నది ఆ పనినా, ఆ చదువునా? ముందు అది తేల్చు చిన్నాయనా. రెండూ కలిపి వద్దంటే నేను దేనికని జవాబు చెప్పేది?

చిన్నాయన: పని మంచిదే. చదువు మీద కూడా నాకు పగ లేదు. ఆ చదువు చదివినోళ్ళను ఆ పనిలోకి తీసుకునేవాళ్ళు లేరు, అదీ నా బాధ. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉండాది. 1960 నాటి చట్టం కింద పంచాయతీ, మున్సిపాలిటీ ఆ డబ్బు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాల. వసూలు చేసేటప్పుడున్న చురుకు జమ చేసేటప్పుడు ఉండదు. సంస్థ దగ్గర డబ్బు ఆడకపోతే ముందు ఆగిపోయేది కొత్త పుస్తకాలు, ఆ తర్వాత కొత్త పోస్టులు. ఒక లైబ్రేరియన్ రిటైరైతే పక్కూరాయనకు ఇన్‌చార్జి అంటగడతారు. ఆయన ఒకరోజు ఇక్కడ తలుపు తీస్తే ఇంకోరోజు అక్కడ తీస్తాడు. శుక్రవారం ఎట్లాగూ సెలవే.

అమ్మాయి: శాఖా గ్రంథాలయం ఒక్కటే ఉద్యోగమా? ఒక సంవత్సరం చదివితే బి.ఎల్.ఐ.ఎస్సీ., ఇంకో సంవత్సరం చదివితే ఎం.ఎల్.ఐ.ఎస్సీ. కొన్నిచోట్ల రెండూ కలిపి రెండేళ్ళ పీజీగా పెట్టారు. రెగ్యులర్‌గా పోలేనివాళ్ళకు ఇగ్నో ఉంది. మొదటి డిగ్రీతోనే కేంద్రీయ విద్యాలయం లైబ్రేరియన్ పోస్టుకు అప్లికేషన్ పెట్టొచ్చు. డిగ్రీ కాలేజీ లైబ్రేరియన్ గానీ, యూనివర్సిటీలో అసిస్టెంట్ లైబ్రేరియన్ గానీ కావాలంటే యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పీజీలో 55 శాతం మార్కులు రావాలి, నెట్ పాసవ్వాలి. ఆ పోస్టుకు లెక్చరర్లతో సమానంగా మూల వేతనం 57,700 రూపాయల దగ్గర మొదలవుతుంది. ఇది తీసేయాల్సిన చదువేం కాదు.

చిన్నాయన: నిబంధన బాగుండాది. నోటిఫికేషన్ ఏదీ? సంవత్సరానికి రెండుసార్లు నెట్ పెడతాండారు, రెండు పేపర్లు కలిపి 300 మార్కులు, నూటయాభై ప్రశ్నలు, మూడు గంటలు. పాసైనోళ్ళంతా సర్టిఫికెట్ లామినేషన్ చేయించుకుని కూర్చున్నారు. ఇంక ప్రైవేటు కాలేజీల సంగతంటావా, తనిఖీకి న్యాక్ బృందం వస్తాదంటే ఆ వారం లైబ్రేరియన్‌కు ఎక్కడలేని మర్యాద. రిజిస్టర్లు దిద్దు, పుస్తకాలకు లేబుళ్ళు అంటించు, కంప్యూటర్ మీద దుమ్ము తుడువు అంటారు. బృందం పోయినాక ఆయన్నే పరీక్షల డ్యూటీకి, అడ్మిషన్ల క్యాన్వాసింగ్‌కు తిప్పుతారు. పోస్టు భర్తీ చేయనోళ్ళకు అర్హత అడిగే హక్కు యాడిది?

అమ్మాయి: అది పోస్టు నింపనివాళ్ళను నిలదీయాల్సిన మాట. నన్ను ఆపడానికి పనికొచ్చే మాట కాదు. డాక్టర్ పోస్టులు ఖాళీగా ఉన్నాయని ఎవరూ ఎంబీబీఎస్ మానేయమనరు గదా.

చిన్నాయన: డాక్టర్ లేకపోతే రోగి చస్తాడు, అది అందరికీ కనపడతాది. లైబ్రేరియన్ లేకపోతే ఏం చస్తాదో ఎవరికీ కనపడదు. సరే, ఉద్యోగం మాట పక్కన పెడదాం. అసలు ఈ పనికి డిగ్రీ కావాలా? మన గ్రంథాలయోద్యమాన్ని లేపినోళ్ళలో డిగ్రీ ఎవరికుండె? అయ్యంకి వెంకటరమణయ్య 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని నిలబెట్టినాడు. పాతూరి నాగభూషణం 1935లో కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి పల్లెలకు తిప్పినాడు. మన సీమవాడు, కర్నూలు గాడిచర్ల హరిసర్వోత్తమరావు జైలుకు పోయొచ్చి గూడా ఊరూరా రీడింగ్ రూములు పెట్టమని తిరిగినాడు. వీళ్ళలో ఒక్కరైనా క్యాటలాగింగ్ పరీక్ష రాసినారా?

అమ్మాయి: రాయలేదు. అదే పాతూరివారి పేరుతో విజయవాడ సర్వోత్తమ భవనంలో లైబ్రరీ సైన్సు బడి ఎందుకు నడిచింది? ఉద్యమం లైబ్రరీలను పుట్టించగలదు. రోజూ తలుపు తీసి, అడిగినవాడి చేతిలో అడిగిన పుస్తకం పెట్టేది ఉద్యమం కాదు, నేర్చుకున్న మనిషి. ఆ సంగతి వాళ్ళకు తెలుసు కాబట్టే బడి పెట్టారు. రంగనాథన్ సంగతి చూడు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కలు చెప్పుకునే మనిషి. 1924లో యూనివర్సిటీ లైబ్రేరియన్‌గా వేస్తే, ఆ ఖాళీ గదిలో కూర్చోలేక వారం తిరక్కుండానే పాత ఉద్యోగం ఇచ్చేయమని వెనక్కి పోయాడంటారు.

చిన్నాయన: అదే నేను చెప్పేది! డిగ్రీ లేకుండానే గదా ఆయన లైబ్రేరియన్ అయింది.

అమ్మాయి: పూర్తిగా విను మరి. ఆయన్ని లండన్‌కు పంపించారు. అక్కడి లైబ్రేరియన్‌షిప్ స్కూల్లో బెర్విక్ సేయర్స్ దగ్గర చదివాడు, ఊరూరా లైబ్రరీలు తిరిగి చూశాడు. వచ్చినాక ఆ పనిని వదల్లేదు. 1929లో మద్రాసులో శిక్షణ తరగతులు మొదలైనాయి. 1931లో అయిదు సూత్రాల పుస్తకం, 1933లో కోలన్ వర్గీకరణ వచ్చాయి. 1948లో మద్రాసు గ్రంథాలయ చట్టం వచ్చిందంటే దాని వెనకా ఆయన పట్టుదలే. అప్పటికి అనంతపురం జిల్లా మద్రాసు రాష్ట్రంలోదే. మనకు సెస్సు అలవాటైంది ఆ చట్టంతోనే. పని నచ్చక పారిపోదామనుకున్న మనిషిని ఆ పనిలో నిలబెట్టింది చదువే గదా చిన్నాయనా.

చిన్నాయన: రంగనాథన్ లాంటోడు ఏ చదువు చదివినా నిలబడేవాడులే. ఆయన్ను చూపించి అందరికీ పీజీ కావాలనడం న్యాయం కాదు.

అమ్మాయి: సరే, మన ఊరి దారిలోనే వస్తాను. చెరువు కట్ట మీది ముసలమ్మ కథ నీకు ఎట్లా తెలుసు?

చిన్నాయన: ఎట్లా తెలుసు అంటే? మా అవ్వ చెప్పింది. బసిరెడ్డి చిన్న కోడలు. చెరువు తెగబోతాంటే ఊరి కోసం గండిలో నిలబడింది. కట్ట మీద గుడి ఉండాది. ఊళ్ళో ఎవర్నడిగినా చెప్తారు.

అమ్మాయి: ఊళ్ళో ఎవర్నడిగినా చెప్తారు. చిత్తూరు దగ్గర కట్టమంచిలో పుట్టి, మద్రాసు క్రైస్తవ కాలేజీలో చదువుకుంటున్న సి.ఆర్. రెడ్డికి ఎవరు చెప్పారు? ఆయన 1899లో కాలేజీ పోటీకి 'ముసలమ్మ మరణం' రాశాడు. తెలుగులో కొత్త కవిత్వం లెక్క దానితోనే మొదలుపెట్టేవాళ్ళున్నారు. ఆయనకు ఆ కథ దొరికింది సి.పి. బ్రౌన్ అచ్చువేయించిన అనంతపురం చరిత్రలో. 1853 నాటి పుస్తకం. బ్రౌన్ రాతప్రతులు సేకరించాడు, పండితులను కూర్చోబెట్టి శుద్ధప్రతులు రాయించాడు, జాబితాలు వేయించాడు. ఆ పుస్తకంలో ఉంది కాబట్టి మన ఊరి కథ మద్రాసు కుర్రాడి చేతికందింది. అవ్వ నోట్లోనే ఉండుంటే అవ్వ ఊరు దాటేది కాదు.

చిన్నాయన: బ్రౌన్‌కు మాత్రం లైబ్రరీ డిగ్రీ ఉండెనా? ఆయన కలెక్టరాఫీసు మనిషి.

అమ్మాయి: ఆయన కాలానికి ఆ చదువు ఎక్కడా పుట్టనే లేదు. ప్రపంచంలో మొదటి లైబ్రరీ స్కూలు 1887లో న్యూయార్క్ కొలంబియా కాలేజీలో డ్యూయీ పెట్టింది. మన దేశంలో 1911లో బరోడా మహారాజు అమెరికా నుంచి బోర్డెన్‌ను పిలిపించి శిక్షణ పెట్టించాడు. 1915లో లాహోర్‌లో డికిన్సన్ మొదలుపెట్టాడు. యూనివర్సిటీ డిప్లొమాగా దేశంలో తొలుత పెట్టింది మన ఆంధ్ర విశ్వవిద్యాలయం, 1935లో. ఆ యూనివర్సిటీకి మొదటి వైస్ చాన్సలర్ ఎవరో నీకు తెలుసు.

చిన్నాయన: కట్టమంచి. ముసలమ్మను రాసిన ఆయనే. అయితే 1935లో వైస్ చాన్సలర్ రాధాకృష్ణన్. తేదీలు కలిపేసి నన్ను మాయ చేయొద్దు.

అమ్మాయి: కలపడం లేదు. 1926 నుంచి అయిదేళ్ళు కట్టమంచి, తర్వాత రాధాకృష్ణన్, 1936లో మళ్ళీ కట్టమంచి. డిప్లొమా వచ్చింది రాధాకృష్ణన్ హయాంలోనే. నేననేది, ఈ చదువు ఎక్కడో అమెరికాలో పుట్టి మొన్న మన నెత్తిన పడింది కాదని. తెలుగువాళ్ళు తొంభై ఏళ్ళుగా చెప్పుకుంటున్న చదువు.

చిన్నాయన: తొంభై ఏళ్ళుగా చెప్తాండారు, సరే. ఏం చెప్తాండారు? నాకు తెలిసింది చెప్తా. డ్యూయీ వర్గీకరణ లెక్కలో ఇంగ్లీషు సాహిత్యానికి 820 అని పూర్తి గది ఇచ్చినారు. తెలుగు సాహిత్యం 894.827. చుక్క తర్వాత మూడో అంకె కాడికి పోతే గానీ మనకు చోటు లేదు, ఇంత కావ్యసంపద ఉన్నా. దాన్నే మీరు రెండేళ్ళు బట్టీ పట్టేది. ఆ లెక్క నేర్చుకుని బీరువాలో పెడితే రైతు ఎట్లా వెతుక్కుంటాడు? నేను సొంతంగా 'కథలు', 'నవలలు', 'వ్యవసాయం', 'పోటీ పరీక్షలు' అని అట్ట మీద రాసి అంటిస్తి. ఎవరూ తడబడలేదు.

అమ్మాయి: నీ బీరువాలకు నీ అట్టలు చాలు. ఎన్ని పుస్తకాలు పట్టేవి అందులో? లక్ష పుస్తకాలుంటే చాలవు. డ్యూయీ మనకిచ్చింది ఇరుకు గది అన్నావే, ఆ మాట అనాలంటే ముందు ఆ గది కొలతలు తెలియాలి. తెలుసుకునే రంగనాథన్ కోలన్ కట్టాడు. అయినా వర్గీకరణ అంటే నంబరు వేయడం ఒకటే కాదు. చూడు, 'ముసలమ్మ మరణం' నీ అట్టల్లో ఏ బీరువాకు పోతుంది?

చిన్నాయన: పద్యాల బీరువా. ఇంకెక్కడికి?

అమ్మాయి: తెలుగు కవిత్వం, 894.8271. బాగుంది. జానపద గాథల మీద పరిశోధన చేసేవాడు వచ్చి 398.2 దగ్గర వెతుకుతాడు, దొరకదు. జిల్లా చరిత్ర రాసేవాడు 954.84 దగ్గర వెతుకుతాడు, దొరకదు. విజయనగర కాలం చెరువుల మీద పనిచేసే ఇంజనీరు నీటిపారుదల దగ్గర చూస్తాడు, అక్కడా లేదు. పండమేరుకు అడ్డంగా బుక్కరాయల నాటి కట్ట ఇది. దాని గురించి సాహిత్యంలో ఇంత దొరుకుతుందని అతనికి ఎవరు చెప్పాలి? పుస్తకం ఒక్క బీరువాలోనే ఉండగలదు. క్యాటలాగులో మాత్రం దానికి పది తలుపులు పెట్టొచ్చు. ముసలమ్మ పేరుతో ఒకటి, బుక్కరాయసముద్రం చెరువు పేరుతో ఒకటి, అనంతపురం జిల్లా చరిత్ర కింద ఒకటి, బ్రౌన్ పుస్తకాన్ని చూడమని ఒకటి. ఏ తలుపు ఎక్కడ పెట్టాలో తెలియడమే ఈ చదువు.

చిన్నాయన: ఊఁ. ఇది కొంచెం పనికొచ్చే మాటే.

అమ్మాయి: ఇంకోటి చూడు. విద్వాన్ విశ్వం. మన పక్క తరిమెలలో పుట్టినాయన. నీ కార్డు ఏ అక్షరం కింద పెట్టావు?

చిన్నాయన: 'వి' కింద.

అమ్మాయి: విద్వాన్‌కా, విశ్వంకా? రెండూ 'వి'యే కాబట్టి నీ పెట్టెలో బతికిపోయావు. ఆయన అసలు పేరు మీసరగండం విశ్వరూపాచారి. ఇంటిపేరు కింద పెట్టినవాడు 'మీ'లో పెట్టాడు. ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టినవాడు ఒకచోట ఒక రకంగా, ఇంకోచోట ఇంకో రకంగా రాశాడు. కంప్యూటర్‌కు ఇవన్నీ వేరు వేరు మనుషులు. అందుకే పేర్లకు వేరే రికార్డు ఒకటి కడతారు. దానిలో 100 అనే గడిలో అందరూ ఒప్పుకున్న పేరు, 400 అనే గడుల్లో మిగతా పేర్లన్నీ, పుట్టిన 1915, పోయిన 1987. వెతికేవాడు 'మీసరగండం' అని కొట్టినా, 'విశ్వం' అని కొట్టినా 'పెన్నేటి పాట' ముందుకొస్తుంది. ఈ పని ఒకరు ఒక్కసారి సరిగా చేస్తే దేశంలో ఏ లైబ్రరీ అయినా వాడుకోవచ్చు. ఎవరూ చేయకపోతే ఆయన పుస్తకం ఉండీ లేనట్టే.

చిన్నాయన: ఆ గడులు నింపేది వారం రోజుల ట్రైనింగ్‌లో నేర్పొచ్చు. రెండేళ్ళు ఎందుకు?

అమ్మాయి: వారం ట్రైనింగ్‌తో ఏమవుతుందో చూశాం గదా. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో వేలకు వేలు తెలుగు పుస్తకాలు స్కాన్ చేశారు. గొప్ప పని, కాదనను. ఇప్పుడవి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. పేర్లు చూస్తే ఏడుపొస్తుంది. పుస్తకం తెలుగు, పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, దాంట్లో సగం తప్పు. రచయిత పేరు ఉండాల్సిన చోట ప్రచురణకర్త పేరు, కొన్నిటికి అదీ లేదు. స్కానర్ కొనడానికి డబ్బు పెట్టారు, పేరు సరిగా రాసే మనిషికి పెట్టలేదు. ఆ పుస్తకం ఉందని ముందే తెలిసినవాడికి తప్ప ఇంకెవరికీ దొరకదు. దొరికినా, అచ్చువేసుకోవచ్చా అంటే చెప్పేవాడు లేడు. మన చట్టం ప్రకారం రచయిత పోయినాక 60 ఏళ్ళు హక్కులుంటాయి. కట్టమంచి 1951లో పోయాడు కాబట్టి ఆయన రచనలకు 2011తో గడువు తీరింది, ఎవరైనా వేసుకోవచ్చు. విద్వాన్ విశ్వం రచనలకు 2047 దాకా హక్కులుంటాయి. స్కాన్ చేసేవాడికి ఈ తేడా ఎవరు చెప్పాలి?

చిన్నాయన: నువ్వు చెప్పేదంతా పుస్తకం వైపు నుంచి ఉండాది పాపా. నేను మనిషి వైపు నుంచి చెప్తా, విను. నా లైబ్రరీకి పొద్దున పేపర్ల కోసం పెద్దాయనలు వస్తారు. పది దాటితే పిల్లోళ్ళు వస్తారు, గ్రూప్స్‌కు, పోలీసు ఉద్యోగాలకు చదువుకునేవాళ్ళు. మన పుస్తకం ముట్టరు. సంచిలో వాళ్ళ గైడు, వాళ్ళ నీళ్ళ బాటిలు. వాళ్ళకు కావాల్సింది ఫ్యాను కింద కుర్చీ. ఇంట్లో ఒకే గది, టీవీ మోత. చదువుకునే చోటు లేక వస్తారు. వాళ్ళకు 894.827తో పనేంది? ఒక రైతు వచ్చినాడు. కదిరి లేపాక్షి విత్తనకాయ వేస్తే మన ఎర్రనేలలో ఎన్ని తడులు కావాల్నో రాసింది ఏమన్నా ఉందా అన్నాడు. నా దగ్గర ఉన్నది ఎప్పటిదో వేరుశనగ పుస్తకం, దాంట్లో ఆ రకం పేరే లేదు. రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రానికి పో అని చెప్పినా. అదీ నేను చేసిన సేవ. దీన్ని మీ పీజీలో ఏ పేపర్లో నేర్పుతారు?

అమ్మాయి: రెఫరెన్స్ సర్వీసు అని ఒక పేపరే ఉంది చిన్నాయనా. మనిషి అడిగిన మాట వెనక అసలు కావాల్సింది ఏమిటో రెండు ప్రశ్నలతో రాబట్టడం, అది మన దగ్గర లేకపోతే ఎక్కడుందో తెలుసుకుని ఉండటం. నువ్వు రెడ్డిపల్లికి పంపించావు చూడు, అది సరైన జవాబే. చదువుకున్నవాడైతే ఇంకొక్క అడుగు వేస్తాడు. కదిరి పరిశోధనా కేంద్రం ఆ రకం మీద ఇచ్చిన కాగితం తెప్పించి, అచ్చుతీసి, బోర్డు మీద పెడతాడు. రెండో రైతు అడగక ముందే.

చిన్నాయన: వేస్తాడా? నీ సీనియర్ల డిసర్టేషన్లు చూసినా నేను. "ఫలానా కాలేజీ లైబ్రరీ వాడుకరుల సంతృప్తి: ఒక పరిశీలన". ఊరు పేరు మారుస్తారు, ప్రశ్నావళి అదే. వందమందికి పంచినారు, కొందరు తిరిగిచ్చినారు, 'సంతృప్తికరం' అని ఇంతశాతం వచ్చింది, అయిపోయింది. శోధ్‌గంగలో పీహెచ్‌డీలు తెరిచి చూడు, అక్కడా ఇదే వరస. ఒక్కడన్నా జిల్లాలో ఏ ఇంట్లో ఏ తాళపత్రం ఉందో రాసినాడా? చెరువు కట్టల శాసనాలకు సూచిక కట్టినాడా? తరిమెల నాగిరెడ్డి 'తాకట్టులో భారతదేశం' కోర్టులో ఇచ్చిన వాఙ్మూలం. అది ఆర్థికశాస్త్రమా, రాజకీయమా, న్యాయమా అని ఎవరన్నా తల పట్టుకున్నారా? నువ్వు ఇందాక ముసలమ్మకు పది తలుపులు పెడతానన్నావే, అది నీ సొంత తెలివి. మీ సిలబస్ తెలివి కాదు.

అమ్మాయి: ఈ మాట మాత్రం ఒప్పుకుంటా. సిలబస్ పద్ధతి నేర్పుతుంది. దేనికి వాడాలో చెప్పదు. కోహా సాఫ్ట్‌వేర్ న్యూజిలాండ్‌లో ఒక చిన్న ఊరి లైబ్రరీ కోసం తయారైంది, ఉచితం, ఎవరైనా వాడుకోవచ్చు. మన దగ్గర క్లాసులో దాన్ని నేర్చుకుని పరీక్ష రాసి మరిచిపోయేవాళ్ళే ఎక్కువ. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, చదువుదీ కాదు. ఊరి సరుకు పట్టుకుని క్లాసుకు పోయేవాళ్ళు లేరు. జానమద్ది హనుమచ్ఛాస్త్రి మన రాయదుర్గంలో పుట్టినాయన. కడపలో బ్రౌన్ బంగళా ఉన్నచోట బ్రౌన్ పేరుతో లైబ్రరీ నిలబెట్టాడు. ఆ పట్టుదలకు ఈ పద్ధతి తోడైతే ఏమవుతుందో ఊహించు.

చిన్నాయన: ఆయనకు పట్టుదల ఉండె, నీకు పద్ధతి వస్తాది. జీతం ఎవరిస్తారు? మన మండలంలోనే జంతలూరులో సెంట్రల్ యూనివర్సిటీ కడతాండారు. దానికి లైబ్రరీ ఉంటాది, ఏసీ ఉంటాది. ఊరి రీడింగ్ రూముకు మాత్రం ఫ్యాను రిపేరు. ఒకే మండలంలో రెండు లోకాలు.

అమ్మాయి: ఆ రెండు లోకాల మధ్య తిరిగే మనిషి కావాలనే నా వాదన. 2024 నవంబరులో కేంద్రం 'ఒకే దేశం, ఒకే చందా' అని పథకం ఒప్పుకుంది. మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలు, 30 ప్రచురణ సంస్థలు, సుమారు 13,000 జర్నళ్ళు. ప్రభుత్వ కాలేజీలన్నిటికీ ఇన్‌ఫ్లిబ్‌నెట్ ద్వారా అందుతాయి. అంటే అనంతపురం గవర్నమెంటు కాలేజీ పిల్లకు, ఢిల్లీ ఐఐటీ పిల్లకు ఒకే జర్నల్. వేరుశనగ తెగుళ్ళ మీద, కరువు మీద, చెరువుల మీద వాటిల్లో ఎంత రాశారో. మన పిల్లలకు అవి తెరవడమే రాదు. తెరిచి చూపించేవాడు లేకపోతే 6,000 కోట్లు పోయేది ప్రచురణ సంస్థల జేబుల్లోకే.

చిన్నాయన: ఇప్పుడు ఫోన్‌లో అడిగితే చెప్తాంది గదా. నోటితో అడిగినా తెలుగులో జవాబిస్తాది. లైబ్రేరియన్ ఎందుకంటారు రేపు.

అమ్మాయి: దాన్ని ముసలమ్మ గురించి అడిగితే గడగడా చెప్తుంది. దాంట్లో బ్రౌన్ పుస్తకంలోది ఎంత, కట్టమంచి కల్పించింది ఎంత, అది సొంతంగా అల్లింది ఎంత అని విడదీసేది ఎవరు? మూలం ఎక్కడుందో చూపించగలవాడికి ఇప్పుడే గిరాకీ రావాలి.

చిన్నాయన: 'రావాలి' అన్నావు. 'వచ్చింది' అనలేదు. నీ మాటల్లో నాకు నచ్చింది ఆ ఒక్క నిజాయితీ. చూడు పాపా, డ్యూయీ పెట్టిన ఆ కొలంబియా స్కూలును 1992లో మూసేసినారు, తెలుసా? ప్రపంచానికి మొదటిది. అమెరికాలో ఈ పనికి మాస్టర్స్ కావాల్సిందే అంటారు, అయినా మొదటి స్కూలునే మూసేసినారు. చదువు గొప్పదైనంత మాత్రాన చదువుకున్నోళ్ళకు అన్నం పెడతాదని లేదు.

అమ్మాయి: తెలుసు. అదే డ్యూయీ, యాజమాన్యం వద్దన్నా మొదటి బ్యాచ్‌లోనే ఆడపిల్లల్ని చేర్చుకున్నాడని కూడా తెలుసు. ఆ రోజు వద్దన్నవాళ్ళ మాట నెగ్గుంటే నేనిప్పుడు నీతో ఈ వాదన వేసుకునేదాన్ని కాదు.

చిన్నాయన: సరే, చేరు. మూడు షరతులు. ఒకటి, మొదటి సెమిస్టరు నుంచే నెట్‌కు చదవాల. పీజీ అయినాక చూద్దామంటే కుదరదు. రెండు, డిసర్టేషన్‌లో 'వాడుకరుల సంతృప్తి' అన్న మాట కనపడితే నా ఇంటి గడప తొక్కొద్దు. ఈ మండలంలో ఊరూరా ఎవరి దగ్గర ఏ పుస్తకం, ఏ కాగితం, ఏ పాట ఉందో జాబితా కట్టు. పద్ధతి మీ యూనివర్సిటీది, సరుకు మనది. మూడు, ఉద్యోగం రాలేదని నా దగ్గరికొచ్చి ఏడవకూడదు.

అమ్మాయి: మొదటి రెండూ ఒప్పుకున్నా. మూడోది మాత్రం మార్చాలి. రెండేళ్ళు ఆగి ఏడవడం కాదు, ఈ నెలలోనే పని మొదలుపెడదాం. మన మండలంలో గ్రంథాలయ సెస్సు కింద పన్నుల్లో ఎంత వసూలైంది, దాంట్లో ఎంత జమ అయింది, ఎంత బకాయి ఉంది, లైబ్రేరియన్ పోస్టులు ఎన్ని మంజూరు, ఎన్ని ఖాళీ అని సమాచార హక్కు చట్టం కింద అడుగుదాం. అర్జీ నేను రాస్తా. లోపలి లెక్క తెలిసినవాడివి, ఏ ప్రశ్న ఎట్లా అడిగితే తప్పించుకోలేరో నువ్వు చెప్పు.

చిన్నాయన: 'ఎంత బకాయి' అని అడగొద్దు, 'లెక్కలు తేలలేదు' అని రాసి పంపిస్తారు. సంవత్సరం వారీగా డిమాండ్, వసూలు, జమ మూడు రిజిస్టర్ల నకళ్ళు అడుగు. బకాయి మనమే తీసివేత చేసుకుందాం.